మీ ఆలోచనను నిలబెట్టే నలుగురిని వెతుక్కోవడం ఎలా?

మన వైపు ఎవరైనా ఇంట్లో ఒక కొత్త ఆలోచన బయటపెడితే, దాని మంచిచెడ్డల కంటే ముందు వినిపించే ప్రశ్న ఒకటుంది: “నలుగురూ ఏమనుకుంటారు?” ఉద్యోగం మానేసి తేనెటీగలు పెంచుతానన్నా, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు వీణ నేర్చుకుంటానన్నా, పెళ్లయిన పదేళ్లకు కథలు రాయడం మొదలుపెట్టినా ఆ నలుగురే వచ్చి గుమ్మంలో నిలబడతారు. వారి పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. అయితే ఇదే మాటకు తెలుగులో ఇంకొక వాడుక కూడా ఉంది. నలుగురూ తలో చెయ్యి వేస్తే పని తెమిలిపోతుందని అన్నప్పుడు మనం తలచుకునేది భయపెట్టే నలుగురిని కాదు. మన ఆలోచన విని, దానిలోని లోపం చెప్పి, మళ్ళీ వచ్చే వారం ఎంతవరకు వచ్చిందని అడిగే ఆ రెండో నలుగురిని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఉంటూ ఎలా వెతుక్కోవచ్చో, దొరికాక వారితో ఎలా మెలగాలో చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

అటువంటి నలుగురు ఎలా ఉంటారో చూడాలంటే దూరం వెళ్లనక్కరలేదు. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో మహారాజా వారి పాఠశాలలో చదువుకునేటప్పుడు గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. చదువు ముగిశాక గిడుగు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా కుదురుకుంటే, గురజాడ విజయనగరంలోనే ఉండిపోయారు. 1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారిగా ఈ వైపు వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడికి, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, వారి పుస్తకంలోని తెలుగు మరొకటి ఎందుకయిందన్న సందేహం కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ దగ్గర ఆ మాట ఎత్తితే, ఆయన గిడుగునూ గురజాడనూ చూపించారు. వ్యావహారిక భాషోద్యమానికి తొలి బలం ఆ నలుగురే. వారందరూ ఒకే ఊరివారు కారు, ఒకే ఉద్యోగం చేసినవారు కారు, ఒకరిని ఒకరు పొగుడుకోవడానికి కలిసినవారు అంతకన్నా కారు. ఒకరి దగ్గర ప్రశ్న ఉంది, ఒకరికి ఎవరిని అడగాలో తెలుసు, మిగిలిన ఇద్దరి దగ్గర ఏళ్ల తరబడి చేసుకున్న పని ఉంది. ప్రోత్సాహమనే మాట వినగానే మనకు చప్పట్లు గుర్తుకొస్తాయి కానీ, ఇక్కడ చప్పట్లు ఎక్కడా కనబడవు.

మీకు నిజంగా కావలసింది ఏమిటి?

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకుని, గత నెల రోజులలో మీ పని ఎక్కడ ఆగిపోయిందో రాసుకోవాలి. “నన్ను ఎవరూ ప్రోత్సహించడం లేదు” అని రాస్తే ఉపయోగం లేదు. అది ఫిర్యాదే తప్ప అవసరం కాదు. “పిండివంట నాలుగో రోజుకు మెత్తబడిపోతోంది, ఎందుకో తెలియడం లేదు” అని గానీ, “రాత్రి తొమ్మిది దాటితే తప్ప కూర్చోవడానికి వీలు కావడం లేదు, అప్పటికి నిద్ర వస్తోంది” అని గానీ రాస్తే, ఎవరిని వెతకాలో ఆ వాక్యమే చెబుతుంది. మొదటి వాక్యం రాసినవారికి వంట తెలిసిన పెద్దావిడ కావాలి. రెండో వాక్యం రాసినవారికి కావలసింది తెల్లవారుజామున ఐదింటికి లేచి పక్కన కూర్చుని తన పని తాను చేసుకునే తోడు. ఈ ఇద్దరినీ ఒకే గుంపులో వెతికితే ఇద్దరికీ నిరాశే మిగులుతుంది.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. నేను కథలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో మాకొక మిత్రబృందం ఉండేది. నెలకొకసారి ఎవరో ఒకరి మేడ మీద కలిసేవాళ్ళం. ఎవరేది చదివినా “చాలా బాగుంది” అనేవాళ్ళం, టీ తాగి లేచేవాళ్ళం. అలా మూడేళ్లు గడిచాయి. ఆ మూడేళ్లలో నేను పత్రికలకు పంపిన కథలన్నీ తిరిగివచ్చాయి, కానీ బృందంలో ఎవరూ ఎందుకని అడగలేదు, నేనూ అడగలేదు. తరువాత ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు నా కథ ఒకటి చదివి, మొదటి రెండు పేజీల మీద ఎర్ర పెన్నుతో ఐమూలగా గీత గీసి, మూడో పేజీ రెండో పేరా పక్కన చిన్న చుక్క పెట్టి, “కథ ఇక్కడ మొదలైంది, ఇంతవరకు మీరు గొంతు సవరించుకున్నారు” అన్నారు. ఇంటికి వెళ్లేవరకు కోపం తగ్గలేదు. ఆ రాత్రి రెండు పేజీలూ తీసేసి చదువుకుంటే ఆయన మాట నిజమని తెలిసింది. పాత మిత్రుల మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. వారు నాకు ఇచ్చింది స్నేహం. నేను దానిని శిక్షణ అనుకోవడం నా పొరపాటు.

ఎక్కడ వెతకాలి?

నా అనుభవంలో తేలిన మాట ఒకటే: ప్రోత్సాహం పంచిపెడతామనే చోటుకు కాదు, పని జరుగుతున్న చోటుకు వెళ్లాలి. పని జరుగుతున్న చోట మీ మీద శ్రద్ధ పెట్టడానికి మొదట ఎవరికీ తీరిక ఉండదు, కానీ మీరు వచ్చి పనిలో ఒక చెయ్యి వేయడం మొదలుపెడితే శ్రద్ధ దానంతట అదే వస్తుంది.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట చిన్న ఊరు. కరణం మల్లీశ్వరి అక్కడి అమ్మాయి. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆమెకు ముందే ఆమె అక్క బరువులు ఎత్తేది. శిక్షణ ఇవ్వడానికి నీలంశెట్టి అప్పన్న ఉన్నారు. ఆ అమ్మాయి పెద్ద కలలు కన్నదా లేదా అన్నది అలా ఉంచితే, రోజూ వెళ్లడానికి ఒక చోటు, చూసి తప్పు చెప్పే ఒక గురువు, తనతో పాటు ఎత్తే అమ్మాయిలు ఆమెకు ఉన్నారు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ కూడా అలాంటి ఊరే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అటువంటి ఊరిలో ఆడపిల్ల బరువులు ఎత్తుతానంటే ఎవరూ వింతగా చూడరు. పక్కింటి అమ్మాయి కూడా ఎత్తుతూనే ఉంటుంది. మంచి బృందం మనకు చేసే మొదటి ఉపకారం ఇదే. మనం చేయాలనుకున్న పని అక్కడ మామూలు విషయం అయిపోతుంది.

రాసేవారికి శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు తెలుగులో అచ్చయిన కథలన్నిటినీ ఒక చోట చేర్చాలన్న పట్టుదలతో 1997లో దానిని ప్రారంభించారు. కొత్తగా రాసేవారికి కథ ఎక్కడ కుంటుతోందో ఓపికగా చెప్పే మాస్టారుగా ఆయనకు పేరు. 2021లో ఆయన వెళ్లిపోయినా ఆ బీరువాలు ఉన్నాయి, అక్కడికి వచ్చే చదువరులు ఉన్నారు. ఒక పూట వెళ్లి, మీరు రాయాలనుకుంటున్న విషయం మీద యాభై ఏళ్ల క్రితం ఎవరు ఏమి రాశారో చదవండి. అక్కడ మీ పక్క కుర్చీలో కూర్చుని పాత పత్రిక తిరగేస్తున్న మనిషే మీ నలుగురిలో ఒకరు కావచ్చు.

సంగీతం వైపు మొగ్గు ఉన్నవారికి విజయనగరం సంగీత కళాశాల ఉండనే ఉంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరడానికి వస్తే, వాయులీనం విని “నువ్వు నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి రావాలి” అన్నట్టుగా ఆయనను అధ్యాపకుడిగానే తీసుకున్నారని ఈ ఊరిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరికీ అలా జరగదు. కానీ చేసి చూపించేది ఏదైనా ఉంటేనే ఎదుటివారు దానిని గుర్తుపట్టగలరన్న సంగతి ఇందులో ఉంది.

చేతిపని మీద ఆసక్తి ఉంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి వెళ్లి, ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే కుటుంబాల దగ్గర అరపూట నిలబడవచ్చు. నూలు, నేత మీద ఉంటే పొందూరు. శాస్త్ర ప్రయోగాలు, యంత్రాల పిచ్చి ఉన్న పిల్లలకు ఎచ్చెర్ల చుట్టుపక్కల కళాశాలలలో చదివే అన్నలు, అక్కలు దొరుకుతారు. వారిని సెలవుల ముందు కాకుండా తరగతులు మొదలైన నెలలో కలవడం మంచిది.

ఇవేవీ అందుబాటులో లేని ఊరిలో కూడా ఒక సంఘం తప్పకుండా ఉంటుంది. అది పొదుపు సంఘం, అంటే మనం ఇప్పటికీ డ్వాక్రా అని పిలుచుకునే గుంపు. పది నుంచి ఇరవై మంది ఆడవాళ్లు వరుసగా కలుస్తారు, లెక్క రాస్తారు, ఒకరి అవసరం ఒకరికి తెలుస్తుంది. దానిని అప్పుల కోసం మాత్రమే వాడుకోవడం మనం చేస్తున్న పెద్ద నష్టం. చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండే మా వదిన చోడిపిండితో, అంటే రాగిపిండితో, బిస్కెట్లు చేసి అమ్మాలనుకుంది. ఇంట్లో అందరూ తిని బాగున్నాయన్నారు. అంగడికి ఇస్తే రెండోసారి అడగలేదు. సంఘం సమావేశానికి ఒక పళ్లెం నిండా తీసుకెళ్లి, డబ్బు లెక్క అయ్యాక అందరి చేతిలో ఒకటి పెట్టింది. అక్కడ డెబ్బై దాటిన పెద్దావిడ బిస్కెట్టును నోట్లో పెట్టుకోలేదు. రెండుగా విరిచి, విరిగిన అంచును బొటనవేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని అడిగింది:

“పిండి ఏపలేదేటే అమ్మీ? పచ్చివాసనొస్తంది.”

“ఏపనేదు పిన్నీ. ఏపితే నలుపొస్తాదని భయపడ్డాను.”

“నలుపొస్తే ఒచ్చింది. సన్నసెగ మీద కమ్మటి వాసనొచ్చినాక దింపు. ఆరినాక జల్లించు.”

ఆ ఒక్క సలహాతో వ్యాపారం నిలబడిపోయిందని చెప్పను. బెల్లం పాకం దగ్గర ఇంకా రెండు నెలలు తంటాలు పడింది. కానీ ఆ పళ్లెం అందరి ముందు పెట్టిన రోజు నుంచి ఆ సంఘంలో పదిమందీ ఆ బిస్కెట్లను తమవిగా లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరి ఇంట్లో పేరంటం ఉన్నా ఆర్డరు వదినకే వచ్చేది.

ఎలా అడుగు పెట్టాలి?

కొత్త బృందంలోకి వెళ్లిన మొదటి రోజే మీ కల అంతా విప్పి చెప్పడం తొందరపాటు. కనీసం మూడు సార్లు వెళ్లి, వినండి. ఎవరు ఎక్కువ మాట్లాడతారో, ఎవరు తక్కువ మాట్లాడినా వారి మాటకు అందరూ ఆగుతారో గమనించండి. మీకు పనికివచ్చేది సాధారణంగా రెండో మనిషి. ఈ మూడు సార్లలో కుర్చీలు సర్దడమో, పుస్తకాలు బీరువాలో పెట్టడమో, పెద్దాయనను బస్సు కాంప్లెక్సు దాకా బండి మీద దింపడమో ఏదో ఒక పని అందుకోండి. దీనిని కాకా పట్టడం అనుకోవద్దు. మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి చేతిపని కంటే దగ్గర దారి లేదు, వారికీ మీ సంగతి తెలియాలి కదా.

నాలుగో సారి మీ ఆలోచన చెప్పండి. చెప్పేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి: రాసిన నాలుగు పేజీలు, వండిన పళ్లెం, కాగితం మీద గీసిన బొమ్మ, రికార్డు చేసిన పాట. వట్టి మాటగా చెప్పిన కలకు ఎవరైనా “మంచిదే” అనడం తప్ప ఇంకేమీ చేయలేరు. వస్తువు ముందుంటే కళ్లు దానిలో లోపం వెతుకుతాయి, లోపం కనబడితే సలహా పుడుతుంది. ఇంకొక సంగతి, “ఎలా ఉంది?” అని అడగకండి. ఆ ప్రశ్నకు మర్యాదస్తులందరి దగ్గరా ఒకటే జవాబు ఉంటుంది. “ఎక్కడ విసుగనిపించింది?”, “ఈ ధరకు మీరైతే కొంటారా?”, “దీనిలో ఒక్కటి తీసేయాలంటే ఏది తీసేస్తారు?” అని అడగండి.

సాయం అడిగేటప్పుడు ఒక్కరి మీదే బరువంతా వేయకూడదు. ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం నేర్చుకోవడానికి విజయనగరం వచ్చినప్పుడు, సాలూరుకు చెందిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు చదువు చెప్పారు. తిండికి మాత్రం ఆ కుర్రవాడు జోలె కట్టుకుని మధుకరం ఎత్తాడు, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకున్నాడు. ఒక్క ఇల్లు రోజూ రెండు పూటలా పెట్టవలసి వస్తే ఎన్నాళ్లు పెట్టగలదో చెప్పలేం; ఇంటికొక ముద్ద అయితే ఎవరికీ బరువు కాలేదు. ఈ రోజు మనం జోలె పట్టనక్కరలేదు గానీ పద్ధతి అదే. ఒకరిని నెలకు ఒక గంట అడగండి, ఒకరిని ఒక పరిచయం అడగండి, ఒకరిని కుట్టుమిషను ఆదివారం పూట వాడుకోనివ్వమని అడగండి. ఇచ్చినవారికి పని ఎంతవరకు వచ్చిందో తప్పకుండా చెప్పండి. మన వైపు మనుషులు సాయం చేయడానికి వెనుకాడరు, కానీ సాయం తీసుకుని మొహం చాటేసినవారిని చాలా కాలం గుర్తుపెట్టుకుంటారు.

మంచి బృందమో కాదో ఎలా తెలుస్తుంది?

రెండు నెలలు చాలు. ఈ రెండు నెలలలో మీ పని అంగుళమైనా కదిలిందా అన్నది మొదటి ప్రశ్న. మీరు ఒక సమావేశానికి రాకపోతే ఎవరైనా ఫోన్ చేశారా అన్నది రెండోది. మీ తప్పు చెప్పినవారు దానిని నలుగురిలో నవ్వులపాలు చేశారా, పక్కకు పిలిచి చెప్పారా అన్నది కూడా చూడాలి. బాగా నడిచే గుంపులో అందరూ ఒకే రకం మనుషులు ఉండరు. విజయనగరంలో చాగంటి సోమయాజులు, శ్రీరంగం నారాయణబాబు, రోణంకి అప్పలస్వామి స్నేహితులు. ఒకరు కథకుడు, ఒకరు కవి, ఒకరు పాశ్చాత్య భాషలు నేర్చిన ఇంగ్లీషు అధ్యాపకుడు. ముగ్గురూ కథకులే అయి ఉంటే వారి కబుర్లు అంత దూరం వెళ్లేవి కావేమో అని నాకనిపిస్తుంది.

జాగ్రత్త పడవలసిన గుంపులు కూడా ఉన్నాయి. కొన్నేళ్ల క్రితం మా పట్టణంలో ఒక కల్యాణ మండపంలో కలలను నెరవేర్చుకోవడం గురించి సభ అని పిలిస్తే నేనూ వెళ్లాను. రుసుము కట్టించుకుని రోజంతా చప్పట్లు కొట్టించారు, కళ్లు మూసుకుని పెద్ద ఇల్లు ఊహించుకోమన్నారు, సాయంత్రానికి అసలు సంగతి బయటపడింది: ఇంకో ముగ్గురిని చేర్పిస్తే నా సొమ్ము నాకు తిరిగి వస్తుందట. అక్కడ ఎవరూ నేను ఏమి చేయాలనుకుంటున్నానో ఒక్కసారి కూడా అడగలేదు. అడగని చోట ఆగవద్దు. మిమ్మల్ని చేర్చుకోవడం కంటే మీ ద్వారా ఇంకొకరిని చేర్చుకోవడం మీద ఎక్కువ ఆసక్తి చూపే గుంపు ఏదైనా, దాని పేరు ఎంత గొప్పగా ఉన్నా, మీ పనికి పనికిరాదు. కులం అడిగి కుర్చీ చూపించే చోటూ, ఎన్నికలు దగ్గర పడగానే జెండా పట్టుకోమనే చోటూ ఇదే కోవలోకి వస్తాయి.

ఆడవాళ్లకు ఇంకొక పరీక్ష అదనంగా ఉంది, అది వేళకు సంబంధించినది. సాయంత్రం ఆరున్నరకు మొదలై తొమ్మిదికి ముగిసే సభ, పల్లెవెలుగు బస్సు మీద ఆధారపడిన మనిషికి లేనట్టే లెక్క. శ్రీకాకుళం పట్టణం నుంచి రైలు ఎక్కాలంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ కోసం ఆమదాలవలస దాకా వెళ్లాలి కనుక, రైలు వేళ చూసుకున్నా అరగంట ముందే లేవాలి. సమావేశం మధ్యాహ్నం మూడింటికి పెట్టమని అడగండి. ఆ మాట విని వేళ మార్చిన బృందం మీది. “అందరికీ సాయంత్రమే వీలు” అని తేల్చేస్తే, ఆ “అందరూ” అన్న మాటలో మీరు లేరని అర్థం చేసుకుని ఇంకొక చోటు చూసుకోవడమే మేలు.

ఇంట్లోవాళ్ల సంగతి

ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే తప్ప కదలనని కూర్చోవద్దు, వారిని శత్రువులుగా చూడనూ వద్దు. నాన్నగారు వద్దన్నారంటే చాలాసార్లు ఆ పని వద్దని కాదు, అప్పు వద్దని. అమ్మ భయం వేరు, అత్తగారి భయం వేరు. ఏ భయమో అడిగి తెలుసుకుని, దానికి మాత్రమే జవాబు చెప్పండి. ఎంత సొమ్ము వరకు పెడతారో, ఎన్ని నెలలు చూస్తారో ఒక కాగితం మీద రాసి ఇస్తే, ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది. వీలైతే మీ బృందంలోని పెద్దవారిని ఒకరిని ఒక పూట భోజనానికి పిలవండి. మీ మాట వినని నాన్నగారు, తన వయసువాడే అయిన ఒక మాస్టారు మీ పని గురించి నాలుగు మాటలు చెబితే వినే అవకాశం ఉంది. నా విషయంలో అలాగే జరిగింది. మాస్టారు కథల గురించి ఒక్క మాట మాట్లాడకుండా పులుసు బాగుందని, వీడు క్రమం తప్పకుండా వస్తున్నాడని చెప్పి వెళ్లిపోయారు. అది చాలింది.

ఎక్కడా దొరకకపోతే

అప్పుడు మీరే మొదలుపెట్టాలి. పొదుపు సంఘాలకు పంచసూత్రాలని ఐదు నియమాలు ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపలి అప్పులు, గడువులో తిరిగి చెల్లింపు, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. డబ్బు స్థానంలో పనిని పెట్టి చూడండి, ఏ బృందానికైనా ఇవి సరిపోతాయి. ప్రతి ఒక్కరూ వచ్చేటప్పుడు ఏదో ఒకటి తేవాలి. ఒకరి నేర్పు ఒకరు అప్పుగా తీసుకోవాలి. తీసుకున్నది ఇంకో రూపంలో తీర్చాలి. పుస్తకం రాయడమన్న నియమాన్ని అందరూ తేలికగా తీసుకుంటారు గానీ, మిగిలిన నాలుగూ దాని మీదే నిలబడతాయి. ఎవరు వచ్చారు, ఏమి తెచ్చారు, వచ్చే సారికి ఏమి చేస్తామన్నారు అన్న మూడు సంగతులు రాస్తే చాలు. తరువాతి సమావేశంలో పాత పేజీ పైకి చదవాలి. తాను అన్న మాట తనకే వినిపిస్తే, చేయనివాడికి ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేదు.

నలుగురు, మహా అయితే ఆరుగురు చాలు. పన్నెండు మంది అయితే సభ అవుతుంది, సభ అయితే అధ్యక్షుడు కావాలి, అధ్యక్షుడు వస్తే శాలువా కూడా వెంటనే వస్తుంది. చోటు కోసం డబ్బు ఖర్చు పెట్టవద్దు. గ్రంథాలయం వరండా, బడి సెలవు రోజున ఒక గది, ఎవరింటి అరుగైనా సరిపోతుంది. వారం, వేళ మాత్రం మార్చకూడదు. వాన పడినా, ఇద్దరే వచ్చినా జరగాలి. మొదటి మూడు నెలలు కొత్తవారిని చేర్చుకోవద్దని నేను సలహా ఇస్తాను, ఎందుకంటే కొత్తవారు వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి పరిచయాలతోనే పూట గడిచిపోతుంది.

వాట్సాప్ గుంపు పెట్టుకోవచ్చు, కానీ అది కలిసే వేళ గుర్తుచేయడానికీ ఫొటోలు పంపుకోవడానికీ ఉండాలి. శుభోదయాలు మొదలైతే పని ఆగిపోయినట్టే. మన రెండు జిల్లాల నుంచి విశాఖకూ, హైదరాబాదుకూ, చెన్నైకీ వెళ్లిపోయినవారు ఇంటికొకరు ఉన్నారు. వారిలో మీ పని తెలిసినవారిని వదులుకోవద్దు. వారు సంక్రాంతికి వస్తారు, దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వస్తారు. పండుగ రోజున ఎవరికీ తీరిక ఉండదు కనుక, మరునాటి పొద్దున్న ఒక గంట ముందుగానే అడిగి పెట్టుకోండి. ఏడాదికి రెండు గంటలే అయినా, బయట మార్కెట్టు చూసిన మనిషి చెప్పే మాట ఇక్కడ కూర్చున్న మనకు తోచేది కాదు.

మొదటి సమావేశానికి ఎవరినైనా పిలిచేటప్పుడు “ఒక సంఘం పెడుతున్నాం” అనకండి. ఆ మాట వినగానే చందా అనుకుంటారు. “ఆదివారం మూడింటికి మా అరుగు మీద కూర్చుని ఎవరి పని వాళ్లం చేసుకుందాం, మీరు కుట్టుకునేది తెచ్చుకోండి, నేను రాసుకునేది తెచ్చుకుంటాను” అనండి. ఐదుగురిని పిలిస్తే ఇద్దరు వస్తారు. వారి పేర్లు, ఆ నాటి తేదీ కొత్త నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద రాసి, వచ్చే ఆదివారం ఎవరి అరుగో అప్పుడే అనుకుని లేవండి.